నాలుగో గుమ్మం

మంగళవారం ఉదయం పదిన్నర. రికార్డమ్మ తన రికార్డు గది సగం తలుపు మీద మోచేతులు ఆన్చి, అవతలి మనిషి అందించిన చీటీ చదువుతోంది. రెండో గది, ఆరో బీరువా, మూడో అర, ఏడో కట్ట. చీటీలో తప్పేం లేదు. కింద సెక్షను ముద్ర కూడా పడింది. అయినా ఆమె కదల్లేదు. కళ్ళజోడు పైనుంచి ఆ మనిషిని ఒక్కసారి చూసింది.

"ఈ ఇల్లు తమరిదేనా?"

"మా ఫ్రెండుదండీ. ప్లాను ఒకసారి చూసి ఇచ్చేస్తాను."

"ఫ్రెండునే పంపండి. ఆయనే చూసుకుంటాడు."

ఆ మనిషి ఏదో గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. రికార్డమ్మ ఆ సంగతి అక్కడికక్కడే మరిచిపోయింది. రోజుకు ఇలాంటివి నాలుగైదు వస్తాయి. ఆమె గుడ్డ తీసుకుని బీరువాల తలుపులు తుడవడం మొదలుపెట్టింది. మూడు గదులు, పదకొండు బీరువాలు, ఊళ్ళో ప్రతి ఇంటి పటమూ వాటిలోనే ఉంది. చివరి బీరువా అయ్యాక, ఏదో గుడ్డ చేతిలో ఉంది కదా అన్నట్టు గోడ మీది ఫ్రేము కూడా తుడిచింది. రెండేళ్ళ కిందట పటాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, ఊరి జనం ఎక్కడినుంచైనా చూసుకునే వెబ్‌సైటు పెట్టినప్పుడు ఇచ్చిన ప్రశంసాపత్రం అది. రోజూ తుడుస్తుంది. రోజూ పొరపాటున తుడిచినట్టే తుడుస్తుంది.

హెడ్ క్లర్కు వచ్చి సగం తలుపు మీద వేళ్ళతో టకటకా కొట్టాడు.

"అమ్మా, రిజిస్టరు తీయండి. రెండు నంబర్లు కావాలి."

ఆ ఆఫీసులో పుట్టే ప్రతి కాగితానికీ రికార్డమ్మ రిజిస్టరులోంచే నంబరు పడాలి. కాగితం మీదా అదే నంబరు, కంప్యూటర్లో దాచినా అదే నంబరు. ఈ కట్టుబాటు ఆమె పెట్టిందే. పెద్ద ఇంజనీరు గారైనా సరే ఈ నంబరు లేకుండా తుమ్మడానికి లేదు.

"దేనికి?"

"ఒకటి ట్రేసరు మీద విచారణ ఫైలుకి. ఇంకోటి దాని మీద వచ్చే ఆర్డరుకి."

"విచారణ ఎప్పుడు?"

"శుక్రవారం పదకొండింటికి."

"శుక్రవారం విచారణైతే ఆర్డరుకి మంగళవారం నంబరెందుకు? ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు!"

"మీకన్నీ వేళాకోళమే." అతను ఆమె కళ్ళలోకి చూడలేదు. "పెద్దాయన ముందే సర్దిపెట్టమన్నారు. నంబరివ్వండమ్మా, నాకు పని ఉంది."

రికార్డమ్మ 212 అని రాసింది, 213 అని రాసింది. రాస్తుంటే కలం బరువుగా అనిపించింది.

సంగతి ఇదీ. నాలుగు రోడ్ల కూడలి వెడల్పు చేయాలని ఆఫీసులో ఒక ముసాయిదా పటం గీశారు. ఎర్రగీతకు ఇవతలున్న కొట్లు ఉంటాయి, అవతలున్నవి పోతాయి. అది ఇంకా ఖరారు కాలేదు, ఎవరికీ చూపించకూడదు. పోయిన వారం చూస్తే కూడలిలో ప్రతి కొట్టువాడి చేతిలోనూ దాని జిరాక్సు కాపీ ఉంది. ఆ పటం కంప్యూటర్లో ఉన్న చోటికి తాళం, అంటే పాస్‌వర్డు, ఇద్దరి దగ్గరే ఉంది. ఒకరు పెద్ద ఇంజనీరు, ఇంకొకరు దాన్ని గీసిన ట్రేసరు. "నేనివ్వలేదు. ఇక మిగిలింది నువ్వే" అన్నారు పెద్ద ఇంజనీరు. లెక్క తేలిపోయింది. రుజువైతే ఉద్యోగం ఊడుతుంది. యాభై మూడేళ్ళ వయసులో, గీత గీయడం తప్ప ఇంకేం రాని చేతికి మరో పని ఎవరిస్తారు?

విచారణ దాకా ఆఫీసుకు రావద్దన్నారు. అతను రావడం లేదు. కానీ రికార్డు గది కిటికీలోంచి చూస్తే, రోడ్డుకు అవతల పార్కు బెంచీ మీద కనిపిస్తున్నాడు. తొమ్మిదింటికి వస్తాడు, ఒంటిగంటకు క్యారేజీ విప్పుతాడు, అయిదింటికి లేచి ఇంటికి పోతాడు.

మధ్యాహ్నం రికార్డమ్మ తన క్యారేజీ పట్టుకుని రోడ్డు దాటింది. బెంచీకి రెండో చివర కూర్చుంది.

"ఇంట్లో చెప్పలేదా తమ్ముడూ?"

"ఏమని చెప్పనక్కా? దొంగతనం అంటగట్టారని చెప్పనా? మీ మరదలు ముందు నవ్వుతుంది, తర్వాత ఏడుస్తుంది. నేను రెండూ చూళ్ళేను."

"నువ్వు ఇవ్వలేదు కదా?"

అన్నాక నాలుక కరుచుకుంది. ఆలస్యమైపోయింది. ట్రేసరు ముద్ద చేతిలో పట్టుకుని ఆమెవైపు తిరిగి చాలాసేపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. అదే ఆమెకు తట్టుకోలేనిదైంది.

"నువ్వు కూడా అడిగావు" అన్నాడు.

"నోరు జారిందిరా."

"పరవాలేదులే." ముద్ద మళ్ళీ గిన్నెలో పెట్టేసి మూత బిగించాడు. అతని కుడిచేతి చూపుడువేలు మాత్రం మోకాలి మీద నెమ్మదిగా కదులుతూ ఉంది. పెన్సిలు లేకపోయినా తిన్నగా, ఎక్కడా వణక్కుండా, ఒకే గీత గీస్తోంది.

మర్నాడు హాల్లో ఒక దర్జీ ఆయన ఆమెను ఆపాడు. జనం పటాలు చూసుకోవడానికి హాల్లో ఒక కంప్యూటరు పెట్టారు. దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, పెద్దమనుషుల ముందు నిలబడ్డట్టు.

"చెల్లెమ్మా, నా కొట్టు పటం ఒక్కసారి చూపిస్తావా? కూడలిలో మూడోది. గీతకు అవతల ఉందంటున్నారు. పాత పటంలో ఎంత ఉందో చూసుకుందామని."

ఆమె కూర్చుని మీటలు నొక్కింది. కొట్టు పటం తెర మీదికొచ్చింది. దర్జీ జేబులోంచి టేపు తీసి, తెర మీదే కొలవబోయి, తన తెలివికి తనే నవ్వుకుని మళ్ళీ చుట్టేశాడు. చూడాల్సింది చూసుకుని, "అంతే, ఇంతే ఉంది" అని తల పంకించి వెళ్ళిపోయాడు.

రికార్డమ్మ లేవబోయి ఆగింది. తెర పైభాగాన, చిరునామా రాసే సన్నటి పట్టీలో ఏదో తెలిసిన ముఖం కనబడినట్టయింది. వంగి చదివింది. ఒకటో గది, వాలుగీత, అయిదో బీరువా, వాలుగీత, రెండో అర, వాలుగీత, పన్నెండో కట్ట. అది తన చీటీ! అచ్చం సగం తలుపు దగ్గర జనం ఇచ్చే చీటీ!

కంప్యూటర్లో కూడా తన గదుల వరసే ఉండాలని పట్టుబట్టింది ఆమే. ఉందని తెలుసు. కానీ ఆ చీటీ ఇలా అందరి కళ్ళ ముందూ, చేతికందేలా వేలాడుతుందని ఆమె ఎప్పుడూ చూడలేదు. సరదా పుట్టింది. పన్నెండు తీసి పదమూడు అని కొట్టింది. పక్క కొట్టు పటం వచ్చింది. "ఓరి నీ!" అంది పైకే. హాల్లో ఎవరూ లేరు. భోజనాల వేళ.

అప్పుడు గుర్తొచ్చింది. పటాలు ఎక్కించే రోజుల్లో, వెబ్‌సైటు కట్టిన ప్రోగ్రామరు ఆమెకు నల్లతెర మీద పని నేర్పాడు. ఒక అరలోంచి ఇంకో అరలోకి పోవాలంటే ముందు బయటికి రావాలి కదా. "రెండు చుక్కలు పెట్టి వాలుగీత కొడితే ఒక గుమ్మం దాటి వెనక్కొచ్చినట్టమ్మా" అన్నాడు. ఏడాదిపాటు రోజుకు వందసార్లు కొట్టింది ఆ రెండు చుక్కలు.

ఆ చీటీలో కూడా రెండు చుక్కలు పెడితే?

ఇదేం పిచ్చి అనుకుంది. అనుకుంటూనే కట్ట పేరు చెరిపేసి రెండు చుక్కలు, వాలుగీత పెట్టింది. ఇంకోసారి, మరోసారి. అర దాటింది, బీరువా దాటింది, గది దాటింది. ఆ పక్కన, ముసాయిదాలుండే లోపలి ఆఫీసు పేరు రాసి, రోడ్డు పటం నంబరు రాసింది. నంబరు ఆమెకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది, ఇచ్చిందే ఆమె. నొక్కింది.

దొరకలేదు అని వచ్చింది. ఊపిరి వదిలింది. అమ్మయ్య అనుకుంది. కానీ కాళ్ళు కుదురుగా ఉండలేదు. లేచి రికార్డు గదిలోకి వెళ్ళింది. ఒకటో గది, అయిదో బీరువా, రెండో అర ముందు నిలబడింది. అరలో చెయ్యి పెట్టి బయటికి తీసింది: "ఒకటి." బీరువా తలుపు మూసింది: "రెండు." గది గడప దాటింది: "మూడు." అక్కడ ఆగి చుట్టూ చూసింది. ఇంకా రికార్డుల్లోనే ఉంది. వరండాలోకి, పెద్ద ఇంజనీరు గదివైపు పోవాలంటే ఇంకొకటి దాటాలి. తన సగం తలుపు. రోజంతా తను కూర్చునే చోటు.

"నాలుగు" అంది.

హాల్లోకొచ్చి నాలుగోసారి రెండు చుక్కలు పెట్టింది. నొక్కింది.

తెర ఒక్క క్షణం తెల్లగా ఉంది. తర్వాత పైనుంచి కిందికి, పరదా దించినట్టుగా, రోడ్డు పటం దిగింది.

ఆమె రెండు చేతులూ తెరకు అడ్డం పెట్టి వెనక్కి తిరిగి చూసింది, తనే దొంగైనట్టు. ఎవరూ లేరు. చేతులు తీసి మళ్ళీ చూసింది. ఎంత అందంగా గీశాడు! ప్రతి కొట్టూ, ప్రతి మెట్టూ, దర్జీ కొట్టు ముందున్న నీళ్ళ పంపు కూడా. ఎర్రగీత ఆ కొట్ల మధ్యలోంచి కత్తిలా కాకుండా, తప్పుకోండి తప్పుకోండి అని బతిమాలుకుంటూ పోతున్నట్టు ఒంపులు తిరుగుతూ వెళ్ళింది. ఒకచోట రోడ్డు అడుగున్నర తగ్గించి ఒక పాత గోడను వదిలేశాడు. అది గీసినవాడిని తను ఏమడిగింది? నువ్వు ఇవ్వలేదు కదా అని!

తాళాలు వేసిన తలుపులు, కాపలాలు, సంతకాలు, ముద్రలు. వాటన్నిటినీ దాటి ఆమె కుర్చీలోంచి లేవకుండా ఇంత దూరం నడిచొచ్చింది. నడిపించినవి చీమ తలంత చుక్కలు. ప్రపంచం ఇంత పలచగా ఉంటుందా అనుకుంది. భయమేసింది. భయం కంటే ఎక్కువగా, చిన్నప్పుడు మొదటిసారి భూతద్దంలోంచి తన వేలిని తాను చూసుకున్నప్పటి ఆశ్చర్యం వేసింది.

గురువారం ఉదయం ప్రోగ్రామరు వచ్చాడు. పెళ్ళయి ఇద్దరు పిల్లల తండ్రి, అయినా మెట్లు రెండేసి ఎక్కుతాడు. రికార్డమ్మ మాట్లాడకుండా హాల్లో కూర్చోబెట్టి, చేసి చూపించింది. మూడో రెండు చుక్కల దగ్గరే అతని ముఖంలో రక్తం ఇంకిపోయింది. నాలుగోదానికి లేచి నిలబడ్డాడు.

"ఇది మీకెవరు చెప్పారమ్మా?"

"నువ్వే నేర్పావు నాయనా."

అతను మళ్ళీ కూర్చుని తల పట్టుకున్నాడు. కాసేపటికి సంచిలోంచి పాత నోటుపుస్తకం తీశాడు. రెండేళ్ళ కిందట ఆమె పని గురించి అడిగి రాసుకున్నది. పేజీలు తిప్పి ఒకచోట వేలు పెట్టాడు. పైన ఆమె పని పేరు, కింద ఆమె మాట, ఉన్నదున్నట్టు: 'చీటీలో ఏది రాసుంటే అది తెచ్చిస్తాను. ఎదురు ప్రశ్నలు వేసే అలవాటు నాకు లేదు.'

"మీరు చెప్పినట్టే రాశానమ్మా. చీటీలో ఏముంటే అది తెచ్చివ్వమని. చీటీలో వెనక్కి నడవమని కూడా రాయొచ్చని నాకు తట్టలేదు. తట్టి ఉండాల్సింది. తప్పు నాదే."

రికార్డమ్మ ఆ వాక్యం రెండుసార్లు చదివింది. తన గొంతే వినిపించింది, కాస్త గొప్పగా, గోడమీది ఫ్రేములా మెరుస్తూ.

"ఒక చీటీ రాయి" అంది.

"ఏ చీటీ?"

"నీకు సంబంధం లేని ఏదో ఒక పటానికి. రాసి అవతలికి పోయి నాకివ్వు."

అతను అయోమయంగానే రాశాడు. సగం తలుపు అవతల నిలబడి అందించాడు. ఆమె చదివింది. మూడో గది, పదో బీరువా, ఒకటో అర. బళ్ళో కొత్తగా కట్టే గదుల పటం. పాదాలు లేవలేదు. చూపు దానంతటదే చీటీ మీదినుంచి అతని ముఖం మీదికి, అతని చేతుల మీదికి, సంచి మీదికి పోయింది. నోట్లోంచి మాట కూడా దానంతటదే వచ్చింది.

"దీంతో నీకేం పని?"

అడిగి, తనే బిత్తరపోయింది. అబద్ధం చెప్పిందా రెండేళ్ళ కిందట? లేదు. ఎదురు ప్రశ్నలు వేయననే నమ్మింది. తన ఇరవై తొమ్మిదేళ్ళ పనిలో సగం తను చూసే ఈ చూపేనని ఆమెకే తెలియదు. తెలియనిది ఎలా చెబుతుంది? చెప్పనిది అతనెలా రాస్తాడు? యంత్రంలో మూడు గదులూ కట్టారు, పదకొండు బీరువాలూ పెట్టారు, అరలు కూడా లెక్క తప్పకుండా చేశారు. నాలుగో గుమ్మం దగ్గర కూర్చునే మనిషిని మాత్రం పెట్టలేదు. ఆమె మెల్లగా స్టూలు మీద కూలబడింది.

ప్రోగ్రామరు గొంతు తగ్గించాడు.

"అమ్మా, ఒక మాట. ఇది సరిచేయడం గంట పని. ఇప్పుడే గుట్టుచప్పుడు కాకుండా చేసేస్తాను. ఎవరికీ తెలియదు. మీ పేరు రాదు, నా పేరు రాదు."

"మరి వాడి పేరు?"

అతను కిటికీలోంచి చూశాడు. బెంచీ మీద ట్రేసరు ఒళ్ళో క్యారేజీ పెట్టుకుని రోడ్డు మీది బళ్ళను చూస్తున్నాడు.

"నాకు ఇది మొదటి పెద్ద పనమ్మా" అన్నాడు ప్రోగ్రామరు.

"నాకు చివరిది. ఉగ్గబట్టుకుని ఇన్నేళ్ళు సంపాదించుకున్న మంచిపేరు, రేపు నా నోటితో నేనే తుడిపేసుకోవాలి. నాకు మాత్రం బాగుందా? ఇంకొకళ్ళు ఎవరూ లోపలికి రాకుండా ఏం చేయాలో చెయ్యి. ముందు అది చెయ్యి."

"బయటివాళ్ళకు సైటు ఆపేస్తాను, మరమ్మతు అని పెట్టి. ఆఫీసు లోపల మాత్రం రేపటిదాకా ఇలాగే ఉంచుతాను."

"ఎవరు ఎప్పుడు ఏం అడిగారో అది రాసుకుంటుందా?"

"రాసుకుంటుంది. ఒక్కటీ వదలదు."

"ఆ కాగితం తీసుకుని రేపు పదకొండింటికి రా."

అతను అవునని అనలేదు, కాదని అనలేదు. మెట్లు ఒక్కొక్కటే దిగి వెళ్ళాడు.

శుక్రవారం పదకొండు దాటి పది నిమిషాలు. సమావేశాల గదిలో బల్లకు ఒక పక్క పెద్ద ఇంజనీరు, హెడ్ క్లర్కు, ఇంకో పక్క ట్రేసరు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. చేతులు రెండూ బల్ల మీద పెట్టుకున్నాడు, తనిఖీకి పెట్టినట్టు.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు" అంటున్నారు పెద్ద ఇంజనీరు. ఆయన చెడ్డవాడేం కాదు. పైనుంచి రోజూ ఫోన్లు వస్తున్నాయి, ఎవరో ఒకరిని చూపించి ఊపిరి పీల్చుకోవాలనుకునే మనిషి. "తాళం ఇద్దరి దగ్గరే ఉంది. నేను ఇవ్వలేదు. మరి నువ్వు ఏమంటావు?"

"నేనివ్వలేదండీ" అన్నాడు ట్రేసరు. అంతకుమించి అతని దగ్గర వేరే మాట లేదు.

రికార్డమ్మ రిజిస్టరు గుండెలకు హత్తుకుని లోపలికొచ్చింది. పిలవని పేరంటమే. గుమ్మంలోంచి మెట్లవైపు ఒకసారి తొంగిచూసింది. ప్రోగ్రామరు జాడ లేదు.

"మీరెందుకొచ్చారమ్మా?"

"నంబర్లిచ్చినదాన్ని కదండీ. ఒక్కటి చూపించి పోతాను. ఆ గోడ తెర కాస్త వాడుకోనివ్వండి."

ఆయన ఒప్పుకోకముందే మీటల ముందు కూర్చుంది. జనం చూసే పేజీ తెరిచింది, తాళం లేనిది, ఊరందరిదీ. దర్జీ కొట్టు పటం తీసింది. చిరునామా పట్టీలో రెండు చుక్కలు, వాలుగీత. నాలుగుసార్లు. ప్రతిసారీ పైకే లెక్కపెట్టింది. తర్వాత రోడ్డు పటం నంబరు కొట్టబోయింది. నిన్నటిదాకా అదే కొడదామనుకుంది. కానీ చెయ్యి ఆగింది. మంగళవారం బరువెక్కిన కలం గుర్తొచ్చింది. ఆర్డర్లుండే చోటి పేరు రాసి, 213 అని కొట్టింది.

గోడంత అక్షరాలతో ఆర్డరు దిగింది. శుక్రవారం తేదీ. 'ఈ ఉదయం జరిపిన విచారణలో ఆరోపణ పూర్తిగా రుజువైనందునను, సదరు ట్రేసరు తన నేరమును స్వయముగా అంగీకరించినందునను, ఇతనిని ఉద్యోగమునుండి తొలగించడమైనది.' కింద సంతకానికి ఖాళీ.

ట్రేసరు పెదవులు కదిలిస్తూ చదువుకున్నాడు. 'స్వయముగా అంగీకరించినందునను' దగ్గర ఆగి, మళ్ళీ మొదటినుంచి చదివాడు. హెడ్ క్లర్కు బల్ల అంచు గీరుతూ కూర్చున్నాడు.

"ఇది... ఇది నా గదిలో కదా ఉండాలి" అన్నారు పెద్ద ఇంజనీరు. "దీని తాళం నా ఒక్కడి దగ్గరే ఉంది."

"అవునండీ" అంది రికార్డమ్మ. "మీ ఒక్కరి దగ్గరే ఉంది. మరి నాకు మీరెప్పుడిచ్చారండీ?"

ఆయన తెరవైపు చూశారు, ఆమెవైపు చూశారు, చివరకు అయిదు రోజుల్లో మొదటిసారి ట్రేసరు ముఖంలోకి సరిగ్గా చూశారు. ఆయన కళ్ళు విప్పారాయి. తను ఇవ్వలేదన్నది ఆయనకు తెలుసు. అయినా కాగితం గోడ మీద ఉంది. ఆ రెండూ ఒకేసారి నిజం కావచ్చని ఆయనకు అప్పుడే తెలిసినట్టుంది.

"ఇలా... ఎవరైనా చేయొచ్చా?"

"చేశారండీ." గుమ్మంలోంచి ప్రోగ్రామరు. ఆయాసపడుతున్నాడు, చేతిలో కాగితాలు. మెట్లు రెండేసి ఎక్కినట్టున్నాడు. "పోయిన నెల ఇరవై ఒకటిన. బయటినుంచి ఎవరో ఇదే దారిన యాభై ఏడుసార్లు ప్రయత్నించారు. యాభై ఎనిమిదోసారికి రోడ్డు పటం దొరికింది. యంత్రం అంతా రాసుకుంది. ఆ రోజు ఈయన తాళం అసలు వాడలేదు. వాడినా ఈయన పేరుతో వేరే వరసలో పడుతుంది." కాగితాలు బల్ల మీద పెట్టాడు. "తలుపు సరిగ్గా కట్టనిది నేనండీ."

"కట్టించింది నేను" అంది రికార్డమ్మ. "చీటీలో ఏముంటే అది ఇచ్చేస్తానని గొప్పగా చెప్పాను. ఇవ్వను, మనిషిని చూసి ఇస్తాను. ఆ ముక్క అతనికి చెప్పలేదు. నాకే తెలీదండీ. నిన్ననే తెలిసింది. ఏ శిక్ష వేస్తారో వేయండి, వీడికి మాత్రం కాదు."

పెద్ద ఇంజనీరు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. ఎంతోసేపు పట్టింది అందుకు.

"ఆ 213 కొట్టేయవయ్యా" అన్నారు హెడ్ క్లర్కుతో, మెల్లగా.

"కొట్టేయడం కుదరదండీ." రికార్డమ్మ రిజిస్టరు తెరిచి ఆయన ముందు పెట్టింది. "ఇచ్చిన నంబరు ఎప్పటికీ ఉంటుంది. ఎదురుగా రద్దు అని రాసి, ఎందుకో రాసి, మీరే సంతకం పెట్టాలి."

ఆయన కలం తీశారు. 'రద్దు' అని రాశారు. 'ఎందుకు' దగ్గర చాలాసేపు ఆలోచించి, 'విచారణకు ముందే రాసినందున' అని రాసి సంతకం పెట్టారు. తలెత్తకుండానే, "నీ సీటుకు వెళ్ళవయ్యా. పని చాలా పేరుకుపోయింది" అన్నారు. ట్రేసరు లేచాడు. బల్ల మీది చేతులు తీసుకోవడం మరిచిపోయినట్టు ఒక్క క్షణం అలాగే వంగి నిలబడి, తర్వాత వెళ్ళాడు.

మధ్యాహ్నం మూడింటికి ప్రోగ్రామరు రికార్డు గదిలో స్టూలు వేసుకుని, కొత్త నోటుపుస్తకంతో కూర్చున్నాడు. సైటు ఆపే ఉంది. మొదట ఆమె పని దగ్గరుండి చూసి రాసుకుంటేగానీ మళ్ళీ తెరవనన్నాడు. రికార్డమ్మకు ఇదంతా సిగ్గుగా ఉంది. ఇన్నేళ్ళు ఎవరూ తన పని ఇలా కూర్చుని చూడలేదు.

"ఇప్పుడు ఆగారు. ఎందుకమ్మా?"

"ఆగానా?"

"ఆగారు. ఇప్పుడొచ్చినావిడ చీటీ ఇవ్వగానే ఆవిడ వేళ్ళవైపు చూశారు."

"సిరా మరకలున్నాయి. సంతకం ఇప్పుడే ఆవిడే పెట్టుకుందేమో అని..." అని, తనే ఆశ్చర్యపోయి నవ్వింది. "అబ్బో, నేనింతదాన్నా!"

అతను రాసుకున్నాడు. మూడు పేజీలు నిండాయి. మరకలు, ముద్రలు, వేళకాని వేళలో రావడం, అడగాల్సిన అర దాటి పక్క అర అడగడం. రాసేకొద్దీ అతని ముఖంలో భక్తిలాంటిది కనిపిస్తోంది. ఇవన్నీ ఒక్క చూపులో ఎలా పడతాయమ్మా అని అడిగాడు. ఆమెకేం తెలుసు?

సగం తలుపు మీద నీడ పడింది. ట్రేసరు. చెవి మీద పెన్సిలు. చీటీ అందించాడు.

ఆమె చదివింది. ఫైలు నంబరు 212. అతని మీద వేసిన విచారణ ఫైలు.

రికార్డమ్మ ఆ చీటీని చూసింది. అతన్ని చూసింది. ఇస్త్రీ నలిగిన చొక్కా, అయిదు రోజుల్లో గుంటలు పడ్డ కళ్ళు. బెంచీ మీద అతని చేతిలో ఆగిపోయిన ముద్ద గుర్తొచ్చింది. ఆమె కళ్ళు నిండాయి. ఇతనికి ఈ ప్రపంచంలో ఏమైనా ఇచ్చేయాలనిపించింది. కాళ్ళు మాత్రం కదల్లేదు.

"ఇది నీకివ్వకూడదురా తమ్ముడూ."

"ఎందుకక్కా?"

"ఎవరి మీది ఫైలు వాళ్ళకివ్వరు. పైనుంచి రాయించుకుని రా."

ట్రేసరు ఆమెను ఒక్క క్షణం అలాగే చూశాడు. తర్వాత నవ్వాడు. ముందు చిన్నగా, తర్వాత సగం తలుపు పట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

"అమ్మయ్య" అన్నాడు. "నువ్వు నువ్వుగానే ఉన్నావు."

చీటీ మడిచి జేబులో పెట్టుకుని, తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. స్టూలు మీద ప్రోగ్రామరు నాలుగో పేజీ తిప్పి, మనిషి మనవాడైనా సరే చూడాలి అని రాసుకున్నాడు.